చచ్చిన స్టేషన్ కళ్ళు చారెడు

మొన్న శనివారం నేనూ మా మామగారూ రైలు రాని స్టేషన్‌కి టికెట్ కొనుక్కుని వెళ్ళొచ్చాం.

మామగారు గుంతకల్లు డివిజన్‌లో ముప్ఫై నాలుగేళ్ళు గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆయన దిగిపోయాక, 2022లో, రైల్వే వాళ్ళు గార్డు అనే మాట తీసేసి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు. "అదేదో నా సర్వీసులో మార్చి ఉంటే మీ అత్తయ్య కాస్త భయపడేది కదా" అని ఆయనకి ఇప్పటికీ చిన్న బాధ. లండన్ రావడం ఇదే మొదటిసారి. పెద్ద గడియారం చూపిస్తే "ఊ" అన్నారు. రాజుగారి ఇల్లు చూపిస్తే "ఊఁ" అన్నారు. రైల్వే మనిషికి రైల్వే సంగతే చూపించాలని, మూతపడ్డ అండర్‌గ్రౌండ్ (భూమి కింది రైలు) స్టేషన్ ఆల్డ్‌విచ్‌ని తిప్పి చూపించే టూరుకి బుక్ చేశాను. మనిషికి నలభై పౌండ్ల పైచిలుకు. హౌన్‌స్లోలో మా ఇంటి దగ్గర నుంచి అక్కడిదాకా నిజం రైల్లో, నిజం సీట్లో కూర్చుని వెళ్ళడానికి అందులో ఆరో వంతు కూడా కాలేదు.

"రైలు ఎన్నింటికి అల్లుడూ?"

"రైలు రాదు మామయ్యా. ఆఖరి రైలు 1994లో వెళ్ళిపోయింది."

"మరి టికెట్టెందుకు?"

"రానందుకే."

ఆయన కాసేపు మాట్లాడలేదు. రైలు రానందుకు జనం తిట్టడం ఆయన చూశారు. స్టేషన్ మాస్టరు గదిని చుట్టుముట్టడం చూశారు. డబ్బులిచ్చి, క్యూలో నిలబడి, థాంక్స్ చెప్పడం మాత్రం తన సర్వీసులో ఎన్నడూ చూడలేదట.

ఆ ముక్క నన్ను పట్టుకుంది. రెండు రోజులు ఆఫీసు పని కూడా పక్కనపెట్టి (పెద్ద తేడా ఎవరికీ కనిపించలేదు) ఈ విషయం మీద లోతుగా ఆలోచించాను. చివరికి తేలింది ఇది: స్టేషన్ అన్నది రైళ్ళు ఆగడానికి పుట్టిందనుకోవడం మన అజ్ఞానం. రైళ్ళు ఆగినన్నాళ్ళూ దానికి ప్రొబేషన్ పీరియడ్. అసలు ఉద్యోగం మూతపడ్డాకే మొదలవుతుంది.

ఆల్డ్‌విచ్ సర్వీసు రిజిస్టరు తిరగేయండి. 1907 నవంబరు 30న స్ట్రాండ్ అనే పేరుతో తెరిచారు. హోబర్న్ దగ్గర పికడిల్లీ లైను నుంచి విడిపోయే తోక లైను. తోకకి ఒకటే స్టాపు, అదే ఆఖరు. అక్కడి నుంచి నది దాటించి వాటర్లూ దాకా పొడిగిస్తామన్నారు. పొడిగించలేదు. దారి అక్కడే ఆగిపోతే ఎక్కేవాడెవడు? 1914కల్లా ఉన్న రెండు ప్లాట్‌ఫారాల్లో ఒకటి మూసేశారు. 1915లో పేరు మార్చి ఆల్డ్‌విచ్ అన్నారు. ఊరు బాగుపడకపోతే ముందు పేరు మార్చి చూడాలన్న వైద్యం మనం కనిపెట్టిందే అనుకునేవాణ్ణి, కాదన్నమాట. 1922లో బుకింగ్ ఆఫీసు కూడా ఎత్తేసి టికెట్లు లిఫ్టులోనే అమ్మారు. చివరికి రోజుకి 450 మంది ఎక్కే స్థితికి వచ్చింది. లిఫ్టులు మార్చాలంటే 30 లక్షల పౌండ్లవుతుందని లెక్క తేలింది. 1994 సెప్టెంబరు 30న తలుపులు మూసేశారు.

ఇక రిటైరయ్యాక దాని వైభవం చూడండి. సినిమా వాళ్ళు ఇప్పటికీ వదలడం లేదు. షూటింగుల కోసమని 1972 నాటి మోడల్ రైలొకటి అక్కడే ఉంచారు. అది ఎక్కడికీ వెళ్ళదు, ఎవరినీ ఎక్కించుకోదు, ఎన్నడూ లేటవదు. పదిమంది ప్రయాణికుల కోసం ఎదురుచూసి ఎదురుచూసి అలిసిపోయిన ప్లాట్‌ఫారం మీద ఇప్పుడు హీరోలు తుపాకులు పట్టుకుని పరిగెడుతున్నారు. ముందే మూసేసిన ఆ రెండో ప్లాట్‌ఫారం ఇంకా అదృష్టవంతురాలు. వేరే స్టేషన్లకి కొత్త టైల్స్, కొత్త డిజైన్లు వేయాలంటే ముందు దాని గోడల మీదే అంటించి చూసేవారు. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ చీరలు ముందు తన భుజం మీదే వేయించుకుని చూసే పెద్దత్తయ్యలాగా.

నిజానికి దానికి ప్రొబేషన్‌లో ఉండగా కూడా మూతపడ్డప్పుడే మర్యాద జరిగింది. మొదటి ప్రపంచయుద్ధంలో నేషనల్ గ్యాలరీ బొమ్మల్ని బాంబుల భయానికి అక్కడ దాచారు. రెండో యుద్ధంలో 1940 నుంచి 1946 దాకా రైళ్ళు ఆపేసి, బ్రిటిష్ మ్యూజియం సరుకుని ఆ సొరంగంలో పెట్టారు. ఎల్గిన్ దొర గ్రీసు నుంచి పట్టుకొచ్చిన పాలరాతి శిల్పాలూ అందులో ఉన్నాయి. పాపం ఆ శిల్పాలు స్టేషన్‌లో అన్నేళ్ళు కూర్చున్నాయి గానీ, ఇంటికి తీసుకెళ్ళే రైలు మాత్రం నేటికీ రాలేదు.

ప్లాట్‌ఫారంలో మిగిలిన చోట జనం పడుకున్నారు. 1940లో బాంబులు పడటం మొదలైనప్పుడు, అండర్‌గ్రౌండ్ స్టేషన్లు దాక్కోవడానికి కాదని సర్కారు ముందు గట్టిగా చెప్పింది. లండన్ జనం వాదించలేదు. ఒకటిన్నర పెన్నీ పెట్టి టికెట్ కొనుక్కుని, మర్యాదగా కిందికి దిగి, పైకి రావడం మానేశారు. టికెట్ ఉన్నవాణ్ణి బయటికి పొమ్మనడం ఎలా? సర్కారే దిగొచ్చింది. రైలెక్కే ఉద్దేశం లేకుండా టికెట్ కొన్న మొదటి బ్యాచ్ వాళ్ళు. మేము రెండో బ్యాచ్.

మాతోపాటు ఇరవైమంది దాకా ఉన్నారు. ఒకాయన గోడ మీది టైల్స్‌ని చేత్తో తడిమి కళ్ళు మూసుకున్నాడు. ఆ ఎద్దురక్తం రంగు ముఖద్వారాలు, ఆకుపచ్చ టైల్స్ గీసిన లెస్లీ గ్రీన్ అనే ఆర్కిటెక్టు 1903 నుంచి నాలుగైదేళ్ళలో యాభై దాకా స్టేషన్లు డిజైన్ చేసి 1908లో ముప్ఫైమూడేళ్ళకే పోయాడు. ఆయన కట్టిన స్టేషన్లు ఇప్పటికీ చాలా నడుస్తున్నాయి. వాటిలో రోజూ లక్షలమంది అవే టైల్స్‌ని బ్యాగులతో రాసుకుంటూ, ఫోనులోకి చూసుకుంటూ పోతారు. ఒక్కడూ తడమడు. చచ్చినవాడి కళ్ళు చారెడని మనవాళ్ళు ఊరికే అనలేదు. బతికున్న స్టేషన్‌కి అసలు కళ్ళే ఉన్నట్టు ఎవరికీ తోచదు.

ఇలా కన్నుమూసిన స్టేషన్లు లండన్ కింద డజన్ల లెక్కన ఉన్నాయి. అన్నిటికీ ఒకే మర్యాద దక్కిందని కాదు. చావులో కూడా రాతంటూ ఉండాలి.

కింగ్ విలియం స్ట్రీట్ అని ఒకటి ఉండేది. లోతైన సొరంగంలో కరెంటుతో నడిచిన మొట్టమొదటి రైలుకి చివరి స్టేషన్. 1890లో తెరిచి 1900లోనే మూసేశారు. ఆ రైలు పెట్టెలకి సరైన కిటికీలు పెట్టలేదు. చీకట్లో చూడటానికి ఏముంటుందని వాళ్ళ వాదన. మెత్త కుట్టిన ఎత్తు సీట్ల మధ్య గాలాడక కూర్చున్న జనం వాటికి పిచ్చాసుపత్రి గది అని పేరు పెట్టారు. స్టేషన్ వచ్చినప్పుడు రైలు సిబ్బంది పేరు అరిచి చెప్పేవారట. ఇది విని మామగారు మొదటిసారి లండన్‌ని మెచ్చుకున్నారు. "గార్డు మాట వినక ప్యాసింజరుకి వేరే దారి లేదన్నమాట. అదీ రైలంటే."

సౌత్ కెంటిష్ టౌన్ చావు ఇంకా చిత్రం. 1924 జూన్‌లో కరెంటు తయారుచేసేచోట సమ్మె జరిగి స్టేషన్ మూసేశారు. సమ్మె అయిపోయింది. తెరుద్దామా అనుకున్నారు. ఇన్నాళ్ళూ తెరవకపోతే అడిగినవాడున్నాడా అని చూశారు. లేడు. అంతే, మరి తెరవలేదు. కొన్నాళ్ళకి సిగ్నల్ దగ్గర రైలు ఆగితే పరధ్యానంలో ఒకాయన ఆ చీకటి ప్లాట్‌ఫారం మీద దిగిపోయాడనీ, ఇంకో రైలు ఆపించుకుని బయటపడ్డాడనీ చెప్పుకుంటారు. నాకు నమ్మకమే. నేనూ ఫోను చూస్తూ దిగితే అంతే చేస్తాను.

లార్డ్స్ సంగతి క్రికెట్ తెలిసినవాళ్ళు వినాలి. ఆ మైదానం పక్కనున్న సెయింట్ జాన్స్ వుడ్ స్టేషన్‌కి 1939 జూన్ 11న లార్డ్స్ అని కొత్త పేరు పెట్టి బోర్డులు మార్చారు. అదే ఏడాది నవంబరు 19న మూసేశారు. మూణ్ణాళ్ళ ముచ్చట అనడానికి లేదు, ఐదు నెలల ముచ్చట. ఆ కాస్త టైములోనే వెస్టిండీస్ వచ్చి లార్డ్స్‌లో టెస్టాడితే జార్జ్ హెడ్లీ రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీ కొట్టాడు. స్టేషన్‌కి జీవితంలో అంతకుమించి ఏం కావాలి? నలభై ఏళ్ళు తెరిచి ఉండి ఏం చూశామని మిగతా స్టేషన్లు ఏడుస్తున్నాయో!

బ్రిటిష్ మ్యూజియం స్టేషన్ 1900లో తెరిచి 1933లో మూసేశారు. కారణం దయ్యం కాదు, హోబర్న్. అది వంద గజాల దూరం కూడా లేదు. కానీ జనం దయ్యాన్నే గుర్తుపెట్టుకున్నారు. మ్యూజియంలో ఉన్న ఈజిప్టు మనిషి ఒకాయన రాత్రిళ్ళు లేచి స్టేషన్‌లో తిరిగేవాడని, అక్కడ ఒంటరిగా ఒక రాత్రి పడుకున్నవాడికి ఓ పత్రిక బహుమతి ఇస్తానందని చెబుతారు. ఎవరూ ముందుకు రాలేదట. ఇక్కడ మన పల్నాడు జిల్లా పరువు విషయం ఒకటుంది. అదే మ్యూజియంలో మన అమరావతి స్తూపం శిల్పాలు కూడా ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ దొర తవ్వించగా బయటపడి సముద్రం దాటినవి. ఈజిప్టు ఆయన ఒక్కడికే స్టేషన్‌దాకా వెళ్ళాలనిపించిందిగానీ మనవాళ్ళు ఒక్క రాత్రి కూడా కదల్లేదు. బౌద్ధులు కదా, నిదానం ఎక్కువ. లేకపోతే తత్కాల్ కోసం ఎదురుచూస్తున్నారేమో.

ఇక బుల్ అండ్ బుష్. దీని ముందు తక్కినవన్నీ చిన్నబోతాయి. హ్యాంప్‌స్టెడ్ దగ్గర కొత్త ఇళ్ళు వస్తాయి, జనం వస్తారు అని 67 మీటర్ల లోతున సొరంగం తవ్వి, ప్లాట్‌ఫారాలు కట్టారు. ఈలోపు పైనున్న స్థలాన్ని ఇళ్ళు కట్టకుండా పచ్చిక బయలుగా ఉంచాలని కొనేశారు. ఇళ్ళు లేవు, జనం లేరు. 1906లో పని ఆపేశారు. తెరిచి ఉంటే లండన్‌లోకెల్లా లోతైన స్టేషన్ అయ్యేది. అసలు పేరు నార్త్ ఎండ్, ముద్దుపేరు పక్కనున్న సారాకొట్టుది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతని ఇంత డబ్బు ఖర్చుపెట్టి రుజువు చేసిన ఊరు మరొకటి ఉండదు. నా సిద్ధాంతం ప్రకారం ఇది ఆదర్శ స్టేషన్. ఒక్క రైలూ లేటవలేదు. ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఒక్క ఎస్కలేటరూ చెడిపోలేదు. జీతాలు లేవు, సమ్మెలు లేవు. ప్రపంచంలో ఏ ఎంబీఏ చదివినవాడూ ఇంతకంటే బాగా నడపలేడు.

ఇక్కడ ఒక చేదునిజం చెప్పక తప్పదు. ఈ సన్మానాలన్నీ భూమి కిందున్న వాటికే. పైన కట్టిన స్టేషన్‌కి మూతపడ్డాక దండ వేసేవాడు లేడు. బ్రాడ్ స్ట్రీట్ అనే స్టేషన్ 1865లో తెరిచారు. 1902లో ఏడాదికి 2.7 కోట్లమంది ఎక్కి దిగేవారు. లండన్‌లో రద్దీలో మూడో స్థానం. ట్రాములొచ్చాయి, బస్సులొచ్చాయి, అండర్‌గ్రౌండ్ వచ్చింది. 1985 నాటికి వారానికి ఆరు వేలమంది మిగిలారు. 1986 జూన్ 30న మూసి, మొత్తం పడగొట్టి, ఆఫీసులు కట్టారు. ఇప్పుడక్కడ సూట్లు వేసుకున్న కుర్రాళ్ళు శాండ్‌విచ్‌లు తింటుంటారు. నలభై పౌండ్ల టూరు లేదు, టైల్స్ తడిమేవాడు లేడు. ఎందుకంటే అది కూర్చున్న నేల బ్యాంకుల పేటలో ఉంది. కింద చీకట్లో ఉన్న బొరియలో ఫ్లాట్లు కట్టడం కుదరదు కాబట్టే ఆల్డ్‌విచ్‌ని చరిత్ర అన్నారు. కుదిరి ఉంటే అదీ రియల్ ఎస్టేటే. గజం రేటు ఎక్కడ పెరిగితే అక్కడ జ్ఞాపకశక్తి తగ్గుతుంది. ఈ సంగతి మనకి లండన్ వాళ్ళు చెప్పక్కర్లేదు, ఊరి చివర చెరువులున్న ఏ తెలుగువాడినడిగినా చెబుతాడు.

అన్ని స్టేషన్లలోకీ నిజాయితీగలది ఒకటుంది. వాటర్లూ పక్కన 1854 నవంబరు 13న తెరిచారు. ప్రయాణికులు శవాలు. ఊళ్ళో శ్మశానాలు నిండిపోయి, కలరా వచ్చి, పాతడానికి జాగా లేకపోతే, 37 కిలోమీటర్ల దూరంలో బ్రూక్‌వుడ్ దగ్గర పెద్ద శ్మశానం కొని, అక్కడికి రోజూ రైలు వేశారు. శవపేటికలని ఆవిరి లిఫ్టు మీద ప్లాట్‌ఫారానికి ఎక్కించేవారు. మొదటి, రెండో, మూడో తరగతులుండేవి. బంధువులకే కాదు, పోయినవాళ్ళకీ. ఫస్టు క్లాసు శవానికి ఒక పౌండు, సెకండుకి ఐదు షిల్లింగులు, థర్డుకి రెండున్నర. మతశాఖల్ని బట్టి బోగీలు వేరు. చస్తే అందరూ ఒకటే అని వేదాంతం చెప్పేవాళ్ళని ఆ ప్లాట్‌ఫారం మీద ఒక గంట నిలబెట్టాల్సింది. శవానికి సింగిల్ టికెట్టు, ఏడ్చేవాళ్ళకి రిటర్న్ టికెట్టు. ఇంతకంటే స్పష్టంగా మాట్లాడిన రైల్వే కౌంటరు భూప్రపంచంలో ఇంకోటి లేదు.

చార్జీలు చట్టంలో రాసిపెట్టారు కాబట్టి పెంచడానికి వీల్లేకపోయింది. మామూలు రైలు కంటే శవాల రైలు చవకైపోయింది. దాంతో ఆ దగ్గర్లో గోల్ఫు ఆడుకునేవాళ్ళు నల్లకోట్లు వేసుకుని, మొహం వేలాడేసుకుని ఆ రైలెక్కేవారని చెప్పుకుంటారు. ఈ కథకి మామగారు ఆగి ఆగి నవ్వారు. కాటికెళ్ళే బండిలో కన్సెషన్ కోసం ఏడుపు మొహం పెట్టడం మన దగ్గర చెల్లదట. అసలు ఏడుస్తున్నాడా లేదా అని పక్కసీటువాడే అడిగేస్తాడట, "ఏమవుతారు మీకు?" అని. 1941 ఏప్రిల్‌లో ఒక రాత్రి బాంబు పడి ఆ స్టేషన్ పోయింది. మళ్ళీ కట్టలేదు. చచ్చినవాళ్ళ స్టేషన్ కూడా చచ్చింది. వెస్ట్‌మినిస్టర్ బ్రిడ్జ్ రోడ్‌లో ఫస్టు క్లాసు వాళ్ళ ముఖద్వారం మాత్రం ఇంకా నిలబడే ఉంది. థర్డు క్లాసు గుమ్మం మిగిలిందా అని అడక్కండి.

చావాలంటే మాత్రం బ్రిటన్‌లో అంత తేలిక కాదు. లైను మూసేయాలంటే చట్టప్రకారం ముందుగా ప్రకటించాలి, అభ్యంతరాలు వినాలి, కమిటీలు కూర్చోవాలి. అంత శ్రమ ఎందుకని రైల్వే వాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. వారానికి ఒక్క రైలు నడపడం. ఖాళీగా వెళ్తుంది, ఖాళీగా వస్తుంది, లైను మాత్రం కాగితాల మీద బతికే ఉంటుంది. వీటికి పార్లమెంటరీ రైళ్ళని పేరు. పార్లమెంటు గురించి అంత బాగా ఎవరూ చెప్పలేదు. 2013 దాకా పశ్చిమ లండన్‌లో ఇంకో మెట్టు పైకెక్కారు. ఈలింగ్ బ్రాడ్‌వే నుంచి వాండ్స్‌వర్త్ రోడ్ దాకా అలాంటి లైనులో రైలు కూడా ఎందుకని, దాని బదులు వారానికోసారి బస్సు వేశారు. రైలు లేదు. దాని ఆత్మశాంతికి బస్సు. మన తద్దినాల్లో కాకికి పిండం పెట్టడానికీ దీనికీ ఆట్టే తేడా లేదు, కాకి మనకి ఫ్రీగా వస్తుంది, అంతే.

ఇన్ని సాక్ష్యాలు చూశాక నేను ఒక ప్రతిపాదన చేయకుండా ఉండలేకపోతున్నాను. నేను రోజూ ఆఫీసుకి దిగే స్టేషన్ ఒకటుంది. పేరు చెప్పను, దానికి బతికున్న పరువు కొంత ఉంది. అక్కడ లిఫ్టు పాడై నాకు తెలిసి రెండు దీపావళులు దాటాయి. దాని ముందు ఒక బోర్డు పెట్టారు. కొన్నాళ్ళకి ఆ బోర్డు కూడా పాతబడితే కొత్త బోర్డు పెట్టారు. పిల్లల బండితో వచ్చిన తల్లులు మెట్ల కింద నిలబడి బలమైన మొగవాడెవడొస్తాడా అని చూస్తుంటారు. నేనొస్తే మళ్ళీ చూడటం మొదలుపెడతారు. ప్లాట్‌ఫారం మీద ఒక మూల నీళ్ళు కారతాయి. ఆ నీళ్ళ కింద పసుపు రంగు బకెట్. ఆ బకెట్‌కి నేను రోజూ గుడ్‌మార్నింగ్ చెబుతాను, అది ఒక్కటే రోజూ డ్యూటీలో ఉంటుంది.

నా ప్రతిపాదన: ఆ స్టేషన్‌ని వెంటనే మూసేయాలి. నేను ద్వేషంతో అనడం లేదు, దాని అభ్యున్నతి కోరి అంటున్నాను. మూసిన ఇరవై ఏళ్ళకి దానికి టూరు వస్తుంది. టూరుకి వచ్చేవాళ్ళ కోసం దీపాలు వేస్తారు, రెయిలింగులు తుడుస్తారు, హెల్మెట్లిస్తారు, మెట్లు జాగ్రత్త అని ఒకమ్మాయి నవ్వుతూ చెబుతుంది. బతికున్నప్పుడు నవ్వుతూ మెట్లు జాగ్రత్త అని ఎవరన్నా చెప్పారా? నా పసుపు బకెట్‌ని గాజుపెట్టెలో పెట్టి, కింద చిన్న అట్ట మీద దాని కాలం రాస్తారు. "ఇరవై ఒకటో శతాబ్దపు తొలి దశకాల్లో నీటి నిర్వహణ పద్ధతి" అని. నేను మనవడితో టికెట్ కొనుక్కుని వెళ్ళి, తాడు అవతల నిలబడి, ఒకప్పుడు ఈ బకెట్‌లో నా కాలు పడిందిరా అని గర్వంగా చెబుతాను. ఈ ఆనందాన్ని నాకు ఏ పాలకులు ఎందుకు దూరం చేయాలి?

ఆఫీసుకి ఎలా వెళ్తావని అడుగుతారు. వారానికో బస్సు వేస్తారుగా.

టూరు అయ్యాక హోబర్న్ దాకా నడిచి పికడిల్లీ లైను ఎక్కాం. గ్రీన్ పార్క్ దాటగానే మామగారిని కిటికీ దగ్గరికి జరగమన్నాను. అక్కడ సొరంగం గోడ మారి, ఇటుక గోడ ఒకటి కిటికీకి దగ్గరగా వచ్చి పోతుంది. అదే డౌన్ స్ట్రీట్. 1907లో తెరిచి 1932లో మూసేశారు. పైన మేఫెయిర్, అంతా కార్లున్న వాళ్ళు. అండర్‌గ్రౌండ్ ఎక్కడం వాళ్ళకి నామోషీ. మూసేశాకే అక్కడికి పెద్దలు రావడం మొదలైంది. యుద్ధంలో దేశం రైల్వేలన్నిటినీ నడిపిన కమిటీ ఆ ప్లాట్‌ఫారాలకి గోడలు కట్టుకుని లోపల కూర్చుంది. 1940 చివర్లో ప్రధాని చర్చిల్ కూడా కొన్ని రాత్రులు అక్కడే పడుకున్నాడు. ఊరంతా రేషను మీద బతుకుతుంటే అక్కడ మాత్రం రైల్వే హోటళ్ళ నుంచి మంచి విందే దిగేదని చెబుతారు. కమిటీ వాళ్ళు ఎక్కడికన్నా వెళ్ళాలంటే సిగ్నల్ ఎర్రగా పెట్టించి, మామూలు జనం ఉన్న రైలుని ఆపి, డ్రైవరు పక్కన ఎక్కేవారు. రైలు ఎందుకు ఆగిందో లోపలున్న జనానికి తెలియదు. ఇప్పుడూ తెలియదు, ఆ సంప్రదాయం మాత్రం పాటిస్తున్నారు.

"మూసిన స్టేషన్‌లో వీఐపీ కోసం రైలాపారా? అయితే మన రైల్వే వాళ్ళు నేర్చుకున్నది ఇక్కడే" అన్నారు మామగారు.

నైట్స్‌బ్రిడ్జ్ దాటితే బ్రాంప్టన్ రోడ్. 1906లో తెరిచారు. ఎక్కేవాళ్ళు లేక కొన్ని రైళ్ళు అక్కడ ఆగకుండా పోయేవి. "బ్రాంప్టన్ రోడ్‌లో ఆగదు" అని సిబ్బంది అరిచే అరుపు ఊరంతా జోకైపోయింది. 1934లో మూసేశారు. ఎవరూ దిగని ఆ స్టేషన్‌ని, యుద్ధంలో వాడుకున్న రక్షణశాఖ 2014లో 5.3 కోట్ల పౌండ్లకు అమ్మింది. ఆగని రైళ్ళకి ఎంత వసూలైందో లెక్కేసి చూడండి.

ఇది కూడా చెబుదామని తిరిగేసరికి మామగారు నా మాట వినడం లేదు. కిటికీకి మొహం ఆనించి ఉన్నారు. అవతల నల్లటి గోడ, ఇటుకల వరస, ఒక్క క్షణం. ఆయన కుడిచెయ్యి తనంతట అదే లేచింది. స్టేషన్ ఆగకుండా దాటుతున్నప్పుడు గార్డు తన వాన్‌లోంచి పచ్చజెండా చూపిస్తాడు, స్టేషన్ వైపు నుంచి ఇంకో పచ్చజెండా ఊపుతారు, బండి క్షేమం, ఆల్‌రైట్ అని. ముప్ఫైనాలుగేళ్ళు పగలు జెండాతో, రాత్రి లాంతరుతో చేసిన పని. ఎదురుసీటులోని పిల్ల ఆయన్ని చూసి తనూ చెయ్యి ఊపింది.

సౌత్ కెన్సింగ్టన్ వచ్చేదాకా ఆయన ఏమీ అనలేదు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, టూరు టికెట్టు వెనక టైము రాసుకున్నారు.

"ఏంటి మామయ్యా?"

"స్టేషన్ వాళ్ళు ఆల్‌రైట్ ఇవ్వలేదు. రిపోర్టు రాయాలి."